ఇంట్లోనే ప్యాటర్న్ సైజు మార్చి, పలు కాగితాలపై ముద్రించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుడ్డ బొమ్మలు, మగ్గం వర్కు, జాకెట్లు, పండుగలకు ఫోమ్ షీటుతో చేసే గోడ అలంకరణలు, వీటిలో దేనికైనా మొదట కావలసింది సరైన సైజులో ఒక కాగితపు ప్యాటర్న్. దొరికే డిజైన్ ఒక సైజులో ఉంటుంది, మనకు కావలసింది మరో సైజు, ఇంట్లో ఉన్న ప్రింటర్ మాత్రం ఏ4 కాగితాన్ని దాటి ముద్రించదు. ఈ మూడింటినీ కలపబోయినప్పుడు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

డిజైన్‌ను ఎంత శాతం పెంచాలో ఎలా లెక్క కట్టాలి?

కావలసిన కొలతను ఇప్పుడున్న కొలతతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. 20 సెంటీమీటర్ల ఏనుగు బొమ్మ 30 సెంటీమీటర్లు కావాలంటే 30ని 20తో భాగించి వందతో గుణించాలి, అంటే 150 శాతం. తగ్గించడానికీ ఇదే లెక్క. అయితే ఈ రెండు కొలతలూ ఒకే గీతవి అయి ఉండాలి. ఇప్పుడున్న కొలతను తొండం చివర నుంచి తోక వరకు తీసుకుని, కావలసిన కొలతను తల నుంచి పాదం వరకు అనుకుంటే లెక్క తప్పకుండా తేడా వస్తుంది. అందుచేత ముందుగా డిజైన్ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి, మొదటి నుంచి చివరి దాకా ఆ గీతనే ప్రమాణంగా పెట్టుకోవడం మంచిది.

రెండుసార్లు పెంచితే శాతాలను కూడకూడదు, గుణించాలి. 150 శాతానికి పెంచిన కాగితాన్ని మళ్ళీ 120 శాతానికి పెడితే మొత్తం 180 శాతం అవుతుంది కానీ 170 కాదు. జిరాక్స్ దుకాణంలో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే.

సైజు రెట్టింపు చేశాను. గుడ్డ నాలుగు రెట్లు, దూది అంతకంటే ఎక్కువ పట్టింది. ఎందుకు?

శాతం పొడవుకు సంబంధించినది. పొడవు, వెడల్పు రెండూ రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, లావు కూడా రెట్టింపైతే లోపలి ఖాళీ ఎనిమిది రెట్లవుతుంది. పై ఏనుగు ఉదాహరణలో 150 శాతానికి గుడ్డ రెండుంబావు రెట్లు పడుతుంది, కూరే దూది సుమారు 3.4 రెట్లు పడుతుంది. చిన్న బొమ్మకు 100 గ్రాముల దూది పట్టి ఉంటే పెద్దదానికి దాదాపు 340 గ్రాములు కావాలి. కొనేముందే ఈ లెక్క చూసుకుంటే పని మధ్యలో దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. మరో సంగతి, పెద్ద బొమ్మ బరువును చిన్న బొమ్మకు వాడిన పలుచని గుడ్డ, దూరపు కుట్లు మోయలేవు. మెడ దగ్గర, కాళ్ళ దగ్గర రెండో కుట్టు వేయవలసి వస్తుంది.

ముద్రించిన ప్యాటర్న్ చెప్పిన సైజు కంటే ఎప్పుడూ కొంచెం చిన్నగానే వస్తోంది. కారణం ఏమిటి?

చాలావరకు కారణం, ప్రింట్ నొక్కగానే తెర మీద వచ్చే పెట్టెలోని 'ఫిట్' అనే ఎంపిక. ఇంటి ప్రింటర్లు మామూలుగా కాగితం అంచు దాకా ముద్రించవు, చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల చోటు ఖాళీగా వదిలేస్తాయి. 'ఫిట్' పెట్టినప్పుడు పేజీ మొత్తాన్ని ఆ ఖాళీ లోపల ఇమిడేట్టు కుదిస్తుంది, అందుకని 96, 97 శాతం దగ్గర వస్తుంది. ఉత్తరాలకైతే ఆ తేడా కంటికి కనిపించదు. 36 అంగుళాల నడుముకు మాత్రం 97 శాతం అంటే ఒక అంగుళం పైనే పోతుంది. ప్యాటర్న్ ముద్రించేటప్పుడు 'యాక్చువల్ సైజ్' గానీ, స్కేల్ దగ్గర 100 గానీ ఉండాలి.

రెండో కారణం కాగితం. అమెరికాలో వాడే లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మన ఏ4 కాగితం వెడల్పు 210, పొడవు 297. అక్కడున్న కూతురో కోడలో పంపిన పీడీఎఫ్ లెటర్ సైజులో తయారై ఉంటే, మన ప్రింటర్ దానిని ఏ4లో ఇమడ్చడానికి తనంతట తానే కుదిస్తుంది. ఇక్కడి నుంచి ఏ4 ఫైలు అక్కడికి పంపినా అంతే, అప్పుడు పొడవు చాలదు. ఇలాంటప్పుడు కూడా నూరు శాతమే పెట్టి, అంచుల దగ్గర గీతలేమైనా తెగిపోతున్నాయా అని ప్రివ్యూలో చూసుకోవాలి.

మూడోది, అంచులు లేకుండా ముద్రించే 'బోర్డర్‌లెస్' ఎంపిక. కాగితం నిండా రంగు పడేందుకు ఇది బొమ్మను కాస్త పెంచుతుంది. ఫోటోలకు బాగుంటుంది, ప్యాటర్న్‌కు పనికిరాదు.

ఈ 'ఫిట్' వల్ల నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. మా చెల్లెలి కూతురి బారసాలకు గోడ మీద పెట్టడానికి ఇరవై పేజీల నెమలి పీడీఎఫ్ ముద్రిస్తుండగా పదో కాగితం దగ్గర సిరా అయిపోయింది. మర్నాడు కొత్త సిరా పోసి మిగిలిన పదీ తీశాను. మొదటిరోజు 'యాక్చువల్ సైజ్' పెట్టిన సంగతి నాకు గుర్తుంది కానీ ప్రింటర్‌కు గుర్తులేదు, తిరిగి 'ఫిట్'కు వెళ్ళిపోయింది. అతికించడం మొదలుపెట్టాక చూస్తే పైవరుసల్లో మెడ ఒకచోట దిగుతోంది, కింది వరుసల్లో ఒళ్ళు మరోచోట మొదలవుతోంది, ఒక్కో కాగితానికి దాదాపు సెంటీమీటరు తేడా. పది కాగితాలూ మళ్ళీ తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి ముద్రణ మధ్యలో ఆగితే, సెట్టింగులన్నీ మొదటి నుంచి చూసుకోనిదే మళ్ళీ మొదలుపెట్టడం లేదు.

సైజు సరిగ్గా వచ్చిందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

మంచి ప్యాటర్న్‌లలో మొదటి పేజీలోనో, పక్క పేజీలోనో ఒక పరీక్ష గడి ఉంటుంది. సాధారణంగా అది 5 సెంటీమీటర్ల గడి గానీ, రెండు అంగుళాల గడి గానీ అయి ఉంటుంది. ఆ ఒక్క పేజీని ముందు ముద్రించి కొలవాలి. గడి లేకపోతే మీరే 10 సెంటీమీటర్ల గీతలు రెండు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, డిజైన్‌లో చేర్చుకోవచ్చు. గీత ఎంత పొడవైతే అంత నమ్మకం. 2 సెంటీమీటర్ల గీతను కొలవడంలో ఒక మిల్లీమీటరు పొరబడితే 5 శాతం తప్పినట్టు, 10 సెంటీమీటర్ల గీతలో అదే పొరపాటు ఒక్క శాతమే.

కొలవడానికి స్టీలు స్కేలు వాడండి. కుట్టుపనిలో ఏళ్ళ తరబడి నలిగిన గుడ్డ టేపు సాగి ఉంటుంది. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలవడం అసలే వద్దు, అక్కడ కనిపించే సైజు జూమ్‌ను బట్టి మారిపోతుంది. 10 సెంటీమీటర్లు ఉండవలసిన గీత 9.6 వచ్చిందనుకోండి, 10ని 9.6తో భాగిస్తే 1.0417 వస్తుంది కనుక స్కేల్ దగ్గర 104.2 పెట్టి మళ్ళీ తీయాలి. అయితే 'ఫిట్' పొరపాటున ఉండిపోయి ఉంటే ముందు దానిని తీసేయాలి. జబ్బు ఒకటైతే మందు మరొకటి వేసినట్టు కాకూడదు.

అడ్డం సరిపోయి నిలువు మాత్రం తేడా వస్తే, కాగితం ప్రింటర్‌లోకి జారుతూ వెళ్ళిందేమో చూడాలి. కాగితాల కట్టను విదిలించి, సర్ది, పక్క పట్టీలు బిగించి పెడితే చాలావరకు సరిపోతుంది.

పెద్ద పీడీఎఫ్‌ను పలు ఏ4 కాగితాలపై ఎలా ముద్రించాలి?

కంప్యూటర్‌లో అడోబీ రీడర్ ఉంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ఫైలు తెరిచి ప్రింట్ నొక్కితే వచ్చే పెట్టెలో 'సైజ్', 'పోస్టర్', 'మల్టిపుల్', 'బుక్‌లెట్' అని నాలుగు బొత్తాలు ఉంటాయి. వాటిలో 'పోస్టర్' ఎంచుకోవాలి. దాని కింద 'టైల్ స్కేల్' దగ్గర శాతం వేస్తే, పక్కన ప్రివ్యూలో డిజైన్ ఎన్ని కాగితాలుగా విడిపోతుందో గీతలతో కనిపిస్తుంది. ప్యాటర్న్ ముందే సరైన సైజులో ఉంటే 100, పెంచాలంటే మీరు లెక్క కట్టిన శాతం వేయాలి. 'ఓవర్‌ల్యాప్' అంటే పక్కపక్క కాగితాలు రెండింటి మీదా ముద్రణ అయ్యే భాగం. అర అంగుళం పెట్టుకుంటే అతికించడానికి చాలినంత చోటు ఉంటుంది. 'కట్ మార్క్స్' పెడితే ఎక్కడ కత్తిరించాలో మూలల్లో గుర్తులు పడతాయి, 'లేబుల్స్' పెడితే ఏ కాగితం ఎక్కడిదో దాని మీదే పడుతుంది. పది కాగితాలు దాటిన పనికి లేబుల్స్ లేకుండా దిగకండి. నెమలి తోకలోని కన్నులన్నీ ఒకేలా ఉంటాయి, గాలికి కాగితాలు కలిసిపోతే ఏది ఎక్కడిదో కనిపెట్టడానికి ఒక పూట పడుతుంది.

కుట్టు ప్యాటర్న్‌లలో ఒకే పీడీఎఫ్‌లో అన్ని సైజుల గీతలూ ఒకదాని మీద ఒకటి ఉండడం మామూలు. ఫైలులో లేయర్లు, అంటే ఒక్కో సైజు గీతలు విడివిడి పొరలుగా, ఉంటే, ఎడమవైపు లేయర్ల పట్టీ తెరిచి మీ సైజు తప్ప మిగిలినవి ఆపేసి ముద్రించుకోవచ్చు. సిరా ఆదా అవుతుంది, కత్తెర పక్క సైజు గీత మీదికి పోదు.

కొన్ని పీడీఎఫ్‌లు తయారుచేసినవారే ఏ4 ముక్కలుగా విడగొట్టి ఇస్తారు. వాటికి 'పోస్టర్' అక్కరలేదు, 'సైజ్'లో 'యాక్చువల్ సైజ్' పెట్టి వరుసగా తీస్తే చాలు. పైన చెప్పిన నెమలి అలాంటిదే.

నా దగ్గర పీడీఎఫ్ లేదు, బొమ్మ మాత్రమే ఉంది. దానిని పెంచవచ్చా?

పెంచవచ్చు. విండోస్‌లోని పెయింట్‌లో బొమ్మ తెరిచి, ఫైల్ మెనూలో 'పేజ్ సెటప్'కు వెళితే 'ఫిట్ టు' అనే చోట అడ్డంగా ఎన్ని పేజీలు, నిలువుగా ఎన్ని పేజీలు కావాలో వేయవచ్చు. రెండు, మూడు అని వేస్తే ఆరు కాగితాలపై వస్తుంది. ఇందులో ఓవర్‌ల్యాప్ ఉండదు కాబట్టి ఒక కాగితం అంచును గీతకు సరిగ్గా కత్తిరించి పక్కదాని మీద ఆనించాలి. సైజు కచ్చితంగా రావాలంటే మాత్రం బొమ్మను పీడీఎఫ్‌గా మార్చి, దానిలో మీ ప్రమాణ గీత ఎంత వచ్చిందో కొలిచి, ఆ తర్వాత రీడర్‌లోని 'పోస్టర్' వాడడమే నయం.

ఇక స్పష్టత సంగతి. 1240 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పున్న బొమ్మ ఏ4 కాగితం మీద అంగుళానికి 150 చుక్కలతో శుభ్రంగానే కనిపిస్తుంది. దానినే నాలుగు రెట్లు సాగదీస్తే అంగుళానికి 37 చుక్కలే మిగులుతాయి, వంపులన్నీ మెట్లుమెట్లుగా వస్తాయి. ఫోమ్ షీటు కత్తిరించడానికి ఇది అడ్డంకి కాదు, మెట్ల మధ్యగా పెన్సిల్‌తో ఒక నునుపైన గీత గీసుకుంటే సరిపోతుంది. మగ్గం వర్కుకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే సూదితో పొడిచేటప్పుడు చేయి ఆ మెట్లనే అనుసరిస్తుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'ట్రేస్ బిట్‌మ్యాప్' అనే ఏర్పాటు ఉంది. అది చుక్కల బొమ్మను గీతల బొమ్మగా మారుస్తుంది, ఆ తర్వాత ఎంత పెంచినా అంచులు చెదరవు. నలుపు తెలుపు గీతల డిజైన్లకు ఇది చక్కగా పనిచేస్తుంది, నీడలున్న ఫోటోలకు అంతగా కాదు.

బొమ్మతో పాటు గీత కూడా లావెక్కుతుందని గుర్తుంచుకోవాలి. అర మిల్లీమీటరు గీత నాలుగు రెట్లయితే రెండు మిల్లీమీటర్ల పట్టీ అవుతుంది. దాని లోపలి అంచున కోస్తారా, బయటి అంచునా, మధ్యగానా అన్నది మొదటి ముక్కకే నిర్ణయించుకుని అన్ని ముక్కలకూ అదే పాటించాలి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన డిజైన్ కుదించుకుపోయి వస్తుంది. పంపేవారిని డాక్యుమెంట్‌గా పంపమనండి. పుస్తకంలోని డిజైన్‌ను ఫోన్‌తో తీసుకోవలసి వస్తే, పుస్తకాన్ని చదునుగా పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని, పక్కనే ఒక స్కేలు పెట్టి తీయాలి. ఫోన్ వాలితే ఒక వైపు పెద్దదిగా, మరోవైపు చిన్నదిగా వస్తుంది. అలా వంకరపోయిన దానిని శాతాలతో సరిదిద్దలేం.

ఎన్ని కాగితాలు పడతాయో ముందే చెప్పగలమా?

చెప్పగలం. ఏ4లో అంచులు పోను ముద్రణకు వీలయ్యే చోటు 19 సెంటీమీటర్ల వెడల్పు, 27.7 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం, ఓవర్‌ల్యాప్ ఒక సెంటీమీటరు. అప్పుడు మొదటిది తప్ప ప్రతి కాగితమూ 18 సెంటీమీటర్ల వెడల్పునో, 26.7 సెంటీమీటర్ల పొడవునో కొత్తగా కలుపుతుంది. వినాయక చవితికి 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తున్న పందిరి బొమ్మ కావాలంటే కాగితాలు నిలువుగా పెట్టినప్పుడు అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 పడతాయి. కాగితాలు అడ్డంగా పెడితే వరుసకు 4 చొప్పున 7 వరుసలు, మొత్తం 28 పడతాయి. రెండు విధాలుగానూ లెక్క చూసుకోవడం అందుకే.

ఇంకొంచెం తరచి చూస్తే, నాలుగు కాగితాలు నిలువుగా 107.8 సెంటీమీటర్ల దాకా వస్తాయి. అంటే ఐదో వరుస అంతా కేవలం 12 సెంటీమీటర్ల కోసం. బొమ్మను 89 శాతానికి తగ్గించి 80 వెడల్పు, 107 ఎత్తు చేసుకుంటే 20 కాగితాలతో పని పూర్తవుతుంది. గోడ మీద ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు, అతికించే చేతులకు మాత్రం బాగా తెలుస్తుంది.

కాగితాలను వంకర రాకుండా అతికించడం ఎలా?

అన్ని అంచులూ కత్తిరించకండి. ప్రతి కాగితానికీ ఎడమ అంచు, పై అంచు మాత్రమే కట్ మార్కుల వెంట కత్తిరించి, కుడి అంచు, కింది అంచు అలాగే ఉంచాలి. అప్పుడు ప్రతి కాగితమూ తన పక్కదాని మిగులు అంచు మీద కూర్చుంటుంది. ముందు ఒక్కో అడ్డ వరుసను పూర్తిచేసి, తర్వాత వరుసలను ఒకదానికొకటి కలపాలి. ఒక్కో కాగితాన్నీ చుట్టూ అతికిస్తూ పోతే చిన్న చిన్న తేడాలన్నీ పేరుకుని చివరి మూలలో బయటపడతాయి.

పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటే కింది కాగితం గీత పై కాగితంలోంచి కనిపిస్తుంది, గీత మీద గీత కలిపి చిన్న టేపు ముక్కతో ఆపి, ఆ తర్వాత నేల మీద పరిచి పూర్తిగా అతికించవచ్చు. నీళ్ళ జిగురు కాగితాన్ని ముడతలు పెడుతుంది, గ్లూ స్టిక్ గానీ సెల్లోటేపు గానీ వాడాలి. ముడతలు తీద్దామని సెల్లోటేపు మీద ఇస్త్రీపెట్టె పెడితే టేపు కరిగి పెట్టెకు అంటుకుంటుంది. పని అయ్యేదాకా ఫ్యాను ఆపడం మరచిపోకూడదు.

అంతా అయ్యాక రెండు మూలల కొలతలూ, అంటే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు, తీసి చూడాలి. రెండూ సమానంగా ఉంటే అతుకు నేరుగా వచ్చినట్టే. 80, 107 సెంటీమీటర్ల బొమ్మకు అది 133.6 సెంటీమీటర్లు రావాలి. నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అలంకరణకు ఫరవాలేదు, జాకెట్టుకైతే విప్పి మళ్ళీ అతికించాలి.

ప్యాటర్న్ పెంచితే కుట్టుకు వదిలే గుడ్డ కూడా పెరుగుతుందా?

ప్రింటర్‌కు తెలియదు కాబట్టి పెరుగుతుంది, కానీ పెరగకూడదు. ఒక సెంటీమీటరు కుట్టు వదులు 150 శాతానికి సెంటీమీటరున్నర అవుతుంది, 60 శాతానికి ఆరు మిల్లీమీటర్లు అవుతుంది, అంత సన్నని అంచున వేసిన కుట్టు పీసులు లేచి ఊడిపోతుంది. సైజు మార్చేముందు కుట్టు గీత ఎక్కడుందో గుర్తించి, అది లేకపోతే అంచు నుంచి లోపలికి కొలిచి గీసి, ఆ గీతనే పెంచడమో తగ్గించడమో చేయాలి. ముద్రణ అయ్యాక చుట్టూ మీకు అలవాటైనంత వదులు కొత్తగా చేర్చుకోవాలి. బొత్తాల రంధ్రాలు, జిప్పు పొడవు, ఎలాస్టిక్ దూరే గొట్టం వెడల్పు కూడా ఇంతే. వీటి కొలత దుకాణంలో దొరికే వస్తువును బట్టి ఉంటుంది, శాతాన్ని బట్టి కాదు.

34 సైజు జాకెట్టు ప్యాటర్న్‌ను 38కి పెంచి ముద్రిస్తే సరిపోతుందా?

సరిపోదు. 34 నుంచి 38కి శాతం లెక్క కడితే సుమారు 112 వస్తుంది. ఆ శాతంతో ముద్రిస్తే 14 అంగుళాల జాకెట్టు పొడవు 15.6 అంగుళాలు అవుతుంది, భుజాలు జారిపోతాయి, మెడ దిగిపోతుంది. ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగినంత మాత్రాన మనిషి ఎత్తూ, భుజాల వెడల్పూ అదే పాళ్ళలో పెరగవు. దర్జీలు సైజు పెంచేటప్పుడు మొత్తం పెరుగుదలను నాలుగు భాగాలు చేసి, ప్రతి పావు ముక్కకూ పక్క కుట్టు వైపు కలుపుతారు. ఇక్కడ నాలుగు అంగుళాలకు పావు ముక్కకు ఒక అంగుళం వస్తుంది. భుజానికి, చంకకు, డాట్ (ఒంటికి అమరడానికి గుడ్డను మడిచి వేసే కుట్టు) మొనకు ఎంత మార్చాలన్నది తొడుక్కునేవారి కొలతలే చెప్పాలి. చంక చుట్టుకొలత మారితే చేయి ముక్క పై వంపు కూడా దానికి సరిపోయేట్టు మార్చాలి.

పెద్ద సైజు గీతలు కూడా ఉన్న ప్యాటర్న్ దొరికితే అదే వాడండి. లేకపోతే సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి విప్పి, దాని ముక్కలను కాగితం మీద గీసుకోవడం ఏ ప్రింటర్ కన్నా నమ్మకమైన పద్ధతి.

మగ్గం వర్కు డిజైన్ పెంచినప్పుడు బోసిగా, తగ్గించినప్పుడు ఇరుగ్గా కనిపిస్తోంది. ఏం చేయాలి?

డిజైన్ సైజు మారుతుంది కానీ పూస సైజు మారదు, ఇబ్బంది అంతా అక్కడే. మూడు మిల్లీమీటర్ల పూసలు ఆరు సెంటీమీటర్ల తీగ మీద ఇరవై పడతాయి. తీగ తొమ్మిది సెంటీమీటర్లైతే ముప్పై కావాలి, తీగల మధ్య ఖాళీ కూడా అంత మేరా విస్తరిస్తుంది. ఆ ఖాళీలో చిన్న బుటాలో, చమ్కీలో చేర్చక తప్పదు. తగ్గించేటప్పుడు చిక్కు మరో రకం. నాలుగు మిల్లీమీటర్ల ఆకు 60 శాతానికి 2.4 మిల్లీమీటర్లు అవుతుంది, రెండు వైపులా గొలుసు కుట్టు వేస్తే లోపల నింపడానికి చోటే ఉండదు. అలాంటి ఆకుల్లో రెండింటికి ఒకటి చొప్పున తీసేసి, మిగిలిన వాటిని కాస్త పెద్దవిగా మళ్ళీ గీయడమే మార్గం.

మెడ చుట్టూ వచ్చే బోర్డర్‌ను సాగదీయడం కన్నా మోటిఫ్‌ల, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బొమ్మల, సంఖ్య మార్చడం మేలు. మెడ చుట్టుకొలత 24 అంగుళాలు, ఒక మామిడి పిందె 1.75 అంగుళాలు అనుకోండి. 24ని 1.75తో భాగిస్తే 13.7 వస్తుంది. పద్నాలుగు పిందెలు పెట్టి, ఒక్కోదానిని 98 శాతానికి తగ్గిస్తే బోర్డర్ సరిగ్గా కలుస్తుంది, తగ్గిన సంగతి ఎవరికీ తెలియదు. చేతులకు వేసే డిజైన్‌లో రెండోది అద్దంలో కనిపించినట్టు తిప్పి ముద్రించుకోవాలి, లేకపోతే రెండు నెమళ్ళూ ఒకే వైపు చూస్తాయి.

మామూలు ప్రింటు కాగితాన్ని నేరుగా గుడ్డ మీద పెట్టి వాడకండి. సైజు ఖాయమైన తర్వాత ట్రేసింగ్ పేపర్ మీదికి దించి, గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా పొడిచి, ఆ తర్వాతే జింక్ పొడి కలిపిన కిరోసిన్‌లో గుడ్డ పీలిక ముంచి రుద్దాలి. పొడిచాక సైజు నచ్చలేదంటే ఆ కష్టమంతా వృథా. పట్టుగుడ్డకైతే ముందు ఒక మూల రుద్ది, ఆరాక మరక మిగులుతుందో లేదో చూడండి.

క్రాస్ స్టిచ్ డిజైన్‌ను కూడా శాతంతో పెంచాలా?

అక్కరలేదు. గళ్ళ గుడ్డ మీద ఒక్కో గడికి ఒక్కో ఇంటూ గుర్తు కుట్టు వేసే పని అది, అక్కడ సైజును నిర్ణయించేది గుడ్డ. 140 గళ్ళ వెడల్పున్న డిజైన్ అంగుళానికి 14 గళ్ళున్న ఐడా గుడ్డ మీద 10 అంగుళాలు వస్తుంది, 11 గళ్ళ గుడ్డ మీద 12.7 అంగుళాలు, 18 గళ్ళ దాని మీద 7.8 అంగుళాలు. చార్టును పెద్దదిగా ముద్రించుకోవడం కళ్ళకు హాయి కోసమే.

కంప్యూటర్, ప్రింటర్ లేకుండా సైజు మార్చలేమా?

అవి రాకముందు నుంచీ జనం మారుస్తూనే ఉన్నారు. డిజైన్ మీద ఒక సెంటీమీటరు గళ్ళు గీసి, పెద్ద కాగితం మీద మూడు సెంటీమీటర్ల గళ్ళు అన్నే గీసి, ఒక్కో గడిలో గీత ఎక్కడ దూరి ఎక్కడ బయటికి వస్తోందో చూస్తూ దించితే 300 శాతం వచ్చినట్టే. ఆలోచిస్తే మన చుక్కల ముగ్గు ఇదే సూత్రం మీద నడుస్తుంది. పదిహేను చుక్కల ముగ్గును చుక్కకూ చుక్కకూ 5 సెంటీమీటర్ల ఎడంతో పెడితే 70 సెంటీమీటర్లు వస్తుంది, 10 సెంటీమీటర్ల ఎడంతో పెడితే 140 వస్తుంది. నోటుపుస్తకంలోని ముగ్గును వాకిలి నిండా వేసే అమ్మమ్మలు శాతం అనే మాట ఎత్తకుండానే ఆ లెక్క చేసేవారు.

జిరాక్స్ దుకాణం మరో దారి. చాలా యంత్రాలు 25 నుంచి 400 శాతం వరకు మార్చగలవు. ఏ4ను ఏ3కి పెంచాలంటే 141 శాతం, ఏ3ని ఏ4కు దించాలంటే 71 శాతం. ఈ కాగితాల పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటే కావడం వల్ల చుట్టూ ఏమీ తెగిపోదు. జిరాక్సు నుంచి జిరాక్సు తీస్తూ పోతే గీతలు లావెక్కి, మసకబారతాయి కనుక ప్రతిసారీ అసలు కాగితం నుంచే తీయించండి.

ఫోన్ నుంచి నేరుగా ముద్రించవచ్చా?

ఫోన్ ప్రింట్ పెట్టెల్లో శాతం వేసే చోటు, పోస్టర్ ఎంపిక చాలావరకు ఉండవు, పేజీకి ఇమిడ్చి ముద్రించడమే వాటికి తెలిసిన పని. ఒకే కాగితంలో ఇమిడే చిన్న డిజైన్‌కు, పరీక్ష గడి కొలిచి సరిపోతే, వాడుకోవచ్చు. అంతకు మించిన పనికి కంప్యూటర్ మీద కూర్చోవడమే మంచిది.

ఇరవై ముప్పై కాగితాలు అతికించే ఓపిక లేదు. వేరే మార్గం ఉందా?

ఇంటి ప్లాన్లు, ఇంజినీరింగ్ డ్రాయింగులు ముద్రించే దుకాణాలకు వెళ్ళండి. అక్కడి యంత్రాల్లో 24 అంగుళాలు, 36 అంగుళాల వెడల్పు చుట్టలు ఉంటాయి, ఎంత పొడవైనా ఒకే కాగితం మీద వస్తుంది. ఏ0 సైజు పీడీఎఫ్, అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు, ఆ 36 అంగుళాల చుట్టలో హాయిగా పడుతుంది. నలుపు తెలుపులోనే తీయమని, 'ఫిట్ టు పేపర్' పెట్టవద్దని నోటితో చెప్పి ఊరుకోకుండా, పరీక్ష గడిని అక్కడే కొలిచి చూసుకోవాలి. అందుకోసం సంచిలో ఒక స్కేలు పెట్టుకుని వెళ్ళండి. ఫ్లెక్సీ మీద వేయించుకుంటే మాత్రం అది మడత పడదు, దాని మీద గుండుసూది నిలవదు.

సైజు మార్చిన డిజైన్ నాది అవుతుందా? అమ్ముకోవచ్చా?

కాదు. డబ్బు పెట్టి కొన్న ప్యాటర్న్ అయినా, ఉచితంగా దొరికినదైనా, ఎంత పెంచినా తగ్గించినా గీసినవారి హక్కు గీసినవారిదే. మీ ఇంటి అవసరానికి వాడుకోవడం వేరు, ఆ ఫైలును మరొకరికి అమ్మడం వేరు. దానితో చేసిన వస్తువును అమ్మవచ్చా అన్నది ప్యాటర్న్‌తో పాటు ఇచ్చే షరతుల్లో రాసి ఉంటుంది, చదువుకోవాలి.

అతికించిన పెద్ద ప్యాటర్న్‌ను ఎలా దాచాలి?

మడిస్తే మడతల దగ్గర కొలత తప్పుతుంది, టేపు ఊడుతుంది. గుడ్డ తాను మధ్యలో వచ్చే అట్ట గొట్టం బట్టల దుకాణంలో అడిగితే ఇస్తారు, దానికి చుట్టి పెట్టండి. చుట్టేముందు ఒక మూల డిజైన్ పేరు, వాడిన శాతం, కుట్టు వదులు కలిపారా లేదా అన్న మూడు సంగతులు పెన్నుతో రాయండి. ఏడాది తర్వాత తెరిచినప్పుడు మీ చేతిరాత తప్ప ఆ విషయం చెప్పేది మరొకటి ఉండదు. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి కాస్త సాగుతుంది, అందుకని తీసిన ప్రతిసారీ పరీక్ష గడిని ఒకసారి కొలిచాకే కత్తెర పట్టుకోండి.